కోల్డ్ కాల్ పుట్టింది ఫోన్‌లో కాదు: టార్గెట్, స్క్రిప్ట్, హెడ్‌సెట్ వెనక 140 ఏళ్ల కథ



ఈరోజు ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్ గురించి. "సార్, ఒక్క రెండు నిమిషాలు మాట్లాడొచ్చా సార్?" అని మొదలయ్యే కాల్. పర్సనల్ లోన్ కావచ్చు, క్రెడిట్ కార్డు కావచ్చు, ఊరి బయట ఓపెన్ ప్లాట్లు కావచ్చు, పిల్లలకి ఆన్‌లైన్ కోర్సు కావచ్చు. మీరు సగంలోనే కట్ చేస్తారు. నేనూ కట్ చేస్తా. అందులో వింతేం లేదు.

కానీ అటుపక్క హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నది ఎవరో ఆలోచించారా? చాలాసార్లు మన వయసు వాళ్లే. డిగ్రీయో బీటెకో అయిపోయి, క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాక, అమీర్‌పేటలో ఏదో కోర్సు చేస్తూ, ఇంట్లో వాళ్లకి ఏదో ఒక జాబ్ చూపించాలని చేరినవాళ్లు. ఆఫర్ లెటర్‌లో "బిజినెస్ డెవలప్‌మెంట్ ఎగ్జిక్యూటివ్" అని ఉంటుంది. పని మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెలియనివాళ్లకి ఫోన్ చేసి తిట్లు తినడం. పొద్దున్నే మీటింగ్. రోజుకి ఇన్ని కాల్స్, ఇంత టాక్ టైమ్. నెలకి ఇంత టార్గెట్. కొడితే ఇన్సెంటివ్, కొట్టకపోతే టీఎల్ అందరి ముందు పేరు పెట్టి పిలుస్తాడు.

ఇదంతా మన టీఎల్ బుర్రలోంచి వచ్చిందనుకుంటాం. కాదండీ. ఈ పద్ధతి మొత్తానికి ఒక చరిత్ర ఉంది. ఒక ఊరు ఉంది, ఒక మనిషి ఉన్నాడు, ఒక మెషీన్ ఉంది. అక్కడి నుంచి మీ ఫోన్‌లో 140తో మొదలయ్యే నంబర్ దాకా ఈ కథ ఎలా వచ్చిందో చూద్దాం.

1873 అనే అబద్ధం

ముందు ఒక చిన్న క్లీనింగ్. గూగుల్‌లో కోల్డ్ కాలింగ్ చరిత్ర అని కొడితే చాలా సేల్స్ వెబ్‌సైట్లలో ఒకటే లైన్ కనిపిస్తుంది: "1873లో జాన్ ప్యాటర్సన్ అనే ఆయన కోల్డ్ కాలింగ్ కనిపెట్టాడు" అని. ఒకరు రాశారు, మిగతావాళ్లు కాపీ కొట్టారు.

మామూలు లాజిక్‌తో చూడండి. గ్రాహం బెల్‌కి టెలిఫోన్ పేటెంట్ వచ్చింది 1876 మార్చిలో. అంటే 1873లో అసలు ఫోనే లేదు. ఇక ప్యాటర్సన్ సేల్స్‌లో పేరు తెచ్చుకున్న కంపెనీ కొన్నది 1884లో. 1870లలో ఆయన అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో బొగ్గు వ్యాపారంలో ఉన్నాడు. కాబట్టి ఆ తేదీ కుదరదు.

అయితే ప్యాటర్సన్‌కీ దీనికీ సంబంధం లేదా అంటే, ఉంది. చాలా ఉంది. ఇంగ్లీషులో "కాల్" అనే మాటకి ఫోన్ రాకముందు నుంచీ "ఎవరింటికైనా వెళ్లి పలకరించడం" అనే అర్థం ఉంది. డాక్టర్ ఇంటికొస్తే హౌస్ కాల్ అంటారు కదా, ఆ కాల్. పరిచయం లేకుండా, కబురు లేకుండా కొట్టులోకి నడిచి వెళ్లి సరుకు అమ్మడం, అదే మొదటి కోల్డ్ కాల్. ఫోన్ తర్వాత వచ్చింది. స్క్రిప్టు, టార్గెట్, పోటీ, ఇవన్నీ ఫోన్‌లో అమ్మడం కంటే ముందే రెడీ అయి కూర్చున్నాయి.

నమ్మకం లేనివాళ్లకి అమ్మిన మెషీన్

ఒహాయోలో డేటన్ అనే ఊరు. అక్కడ జేమ్స్ రిట్టీ అనే ఆయనకి ఒక బార్ ఉండేది. జనం బాగానే వచ్చేవాళ్లు, లాభం మాత్రం కనిపించేది కాదు. గల్లాపెట్టె దగ్గర పనివాళ్లు చేతివాటం చూపిస్తున్నారని ఆయన అనుమానం. 1879లో సోదరుడితో కలిసి ఒక మెషీన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. ప్రతి అమ్మకాన్నీ లెక్క చూపించే మెషీన్. అదే క్యాష్ రిజిస్టర్. దానికి పెట్టిన పేరు వింటే నవ్వొస్తుంది: "లంచానికి లొంగని క్యాషియర్" అనే అర్థం వచ్చే పేరు.

రిట్టీ దాన్ని పెద్దగా అమ్ముకోలేకపోయాడు. హక్కులు చేతులు మారాయి. ప్యాటర్సన్ అప్పటికే తన గనుల దగ్గరి కొట్టులో ఈ మెషీన్లు పెట్టి, నష్టంలో ఉన్న కొట్టు లాభంలోకి రావడం కళ్లారా చూశాడు. 1884లో 6,500 డాలర్లు పెట్టి కంపెనీలో పెత్తనం కొనేశాడు. పేరు మార్చి నేషనల్ క్యాష్ రిజిస్టర్ అన్నాడు. ఎన్‌సీఆర్. తర్వాతి రోజుల్లో ఏటీఎంల మీద మీరు చూసిన ఎన్‌సీఆర్ అదే.

ఇప్పుడు సమస్య ఏంటంటే, ఆ మెషీన్ ఎవరికీ అక్కర్లేదు. ఓనర్లకి అదేంటో తెలీదు. కౌంటర్‌లో పనిచేసేవాళ్లకి అంటే ఒళ్లు మంట. "మేం దొంగలమని చెప్పడానికా ఈ డబ్బా?" అని. సేల్స్‌మన్ లోపలికొస్తే ఓనర్ దాకా వెళ్లనిచ్చేవాళ్లు కాదు. ఎవరూ అడగని వస్తువు, ఎవరూ పిలవని మనిషి. ఇదే కోల్డ్ కాల్‌కి పర్ఫెక్ట్ డెఫినిషన్.

ప్యాటర్సన్ చేసింది ఏంటంటే, అందరికంటే ఎక్కువ అమ్ముతున్న సేల్స్‌మన్ ఎవరో చూశాడు. ఆయన పేరు జోసెఫ్ క్రేన్, ప్యాటర్సన్‌కి దగ్గరి బంధువే. అసలు ఏం మాట్లాడుతున్నావయ్యా అని అడిగితే, ప్రతి చోటా దాదాపు అవే మాటలు, అదే వరసలో చెప్తున్నానన్నాడు. ప్యాటర్సన్ ఆ మాటల్ని రాయించి 1887లో చిన్న పుస్తకంగా అచ్చు వేయించాడు. దాన్ని ప్రైమర్ అనేవాళ్లు. అంటే పెద్దబాలశిక్ష లాంటిది, కాకపోతే సేల్స్‌కి. ఏ మాట దగ్గర మెషీన్‌లో ఏ భాగం వైపు వేలు చూపించాలో కూడా అందులో గుర్తులు పెట్టారు.

సేల్స్‌మన్లకి ఇది నచ్చలేదు. "మేమేమైనా చిలకలమా?" అన్నారు. ప్యాటర్సన్ వినలేదు. బట్టీ పట్టాల్సిందే, అప్పజెప్పాల్సిందే. 1894లో డేటన్‌లో ఏకంగా సేల్స్ ట్రైనింగ్ స్కూలే పెట్టాడు. ఒక్కొక్కరికీ ఒక ఏరియా, ఆ ఏరియాకి ఒక కోటా. కోటా పూర్తి చేసినవాళ్లకి హండ్రెడ్ పాయింట్ క్లబ్ అని సత్కారం, సభలు. మీ ఆఫీసులో "స్టార్ ఆఫ్ ది మంత్" బోర్డు ఉందా? దానికి తాత ఇదే.

ఈ మనిషిని ఒక్క రంగులో చూడలేం. కార్మికులకి వెలుతురు బాగా వచ్చే ఫ్యాక్టరీ కట్టించాడు, వేడి భోజనం పెట్టించాడు. 1913లో డేటన్‌ని వరద ముంచెత్తితే కంపెనీ మొత్తాన్ని సహాయక పనుల్లోకి దింపాడు. అదే సంవత్సరం, పోటీ కంపెనీలని అడ్డదారిలో తొక్కేసినందుకు కోర్టు ఆయన్నీ ఆయన మేనేజర్లనీ దోషులన్నది. పై కోర్టులో ఆ తీర్పు నిలబడలేదు. కోపం వస్తే ఎంత పెద్దవాడినైనా ఉద్యోగంలోంచి తీసేసేవాడు. అలా బయటికొచ్చిన వాళ్లలో ఒకాయన థామస్ వాట్సన్. ఆయన 1914లో ఇంకో చిన్న కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ పేరు తర్వాత ఐబీఎం అయింది. ఎన్‌సీఆర్‌లో నేర్చుకున్న కోటాలు, క్లబ్బులు, ట్రైనింగ్ అన్నీ అక్కడికి పట్టుకెళ్లాడు. అంటే మన ఐటీ కంపెనీల సేల్స్ కల్చర్‌కి కూడా బీజం ఆ క్యాష్ రిజిస్టరే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ మెషీన్ దేనికోసం? కౌంటర్‌లో మనిషిని నమ్మాల్సిన పని లేకుండా చేయడానికి. దాన్ని అమ్మేవాడి పరిస్థితి ఏంటి? అతన్నీ నమ్మలేదు. ఏం మాట్లాడాలో రాసిచ్చారు, ఎంత అమ్మాడో లెక్కపెట్టారు. కౌంటర్ మీద పెట్టిన లెక్కల మెషీన్, మెల్లగా అమ్మేవాడి నెత్తిమీదకి కూడా వచ్చి కూర్చుంది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

ఫోన్ బుక్ అంటే ఉచిత లీడ్స్

1878లో అమెరికాలో న్యూ హేవెన్ అనే ఊళ్లో మొదటి టెలిఫోన్ డైరెక్టరీ వచ్చింది. ఒకే ఒక్క కాగితం, 50 పేర్లు. చూడ్డానికి మామూలు లిస్టు. కానీ అమ్మేవాడి కళ్లతో చూడండి. ఫోన్ పెట్టించుకునే స్తోమత ఉన్నవాళ్ల పేర్లన్నీ ఒకే చోట! మనం ఇప్పుడు "డేటా" అంటున్నామే, "ఈరోజు డేటా బాలేదు, ఫ్రెష్ డేటా ఇవ్వండి" అంటామే, ఆ డేటాకి ఇదే మొదటి రూపం.

1920ల నాటికి షేర్లు అమ్మేవాళ్లు దీన్ని పూర్తిగా వాడేశారు. ఇరుకు గదుల్లో, బేస్‌మెంట్లలో వరసగా ఫోన్లు పెట్టి, రోజంతా మనుషుల చేత ఫోన్లు చేయించి, విలువ లేని షేర్లు అంటగట్టేవాళ్లు. ఈ గదులకి "బాయిలర్ రూమ్" అని పేరొచ్చింది. వేడీ, ప్రెషరూ రెండూ ఉన్న గది. 1929లో మార్కెట్ కూలిపోయాక అమెరికా 1933లో, 1934లో షేర్ల అమ్మకం మీద గట్టి చట్టాలు తెచ్చింది. బాయిలర్ రూములు తగ్గాయి కానీ పోలేదు.

అసలు మలుపు 1961లో వచ్చింది. అప్పటిదాకా దూరపు ఊళ్లకి కాల్ అంటే నిమిషానికి ఇంత అని డబ్బు కట్టాలి. ప్రతి "వద్దండీ" కీ కంపెనీ జేబులోంచి డబ్బు పోయేది. 1961లో ఏటీ అండ్ టీ కంపెనీ వ్యాపార సంస్థల కోసం ఒక ప్లాన్ తెచ్చింది, పేరు వాట్స్. నెలకి ఇంత కట్టెయ్, ఆ ఏరియాలోకి ఎన్ని కాల్స్ కావాలంటే అన్ని చేసుకో. మన భాషలో అన్‌లిమిటెడ్ ప్యాక్.

అన్‌లిమిటెడ్ ప్యాక్ వస్తే మనం ఏం చేస్తాం? వాడకపోతే దండగ అని వాడేస్తాం. కంపెనీలూ అదే చేశాయి. ఇంకో కాల్ చేస్తే పైసా ఖర్చు లేదు. కాబట్టి ఖాళీగా ఉన్న లైన్ అంటే నష్టం. లైన్ ఖాళీగా ఎప్పుడుంటుంది? మనిషి నీళ్లు తాగడానికి లేచినప్పుడు, బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు, తిట్లు తిని ఒక్క నిమిషం కళ్లు మూసుకున్నప్పుడు. ఖర్చు లెక్క అంతా ఇప్పుడు ఆ మనిషి చుట్టూ తిరగడం మొదలైంది. కాల్ ధర తగ్గిన ప్రతిసారీ కాల్ చేసేవాడి మీద ఒత్తిడి పెరిగింది. ఈ కథ మొత్తాన్ని ఒక్క వాక్యంలో చెప్పమంటే నేను ఇదే చెప్తా.

"హలో" అంటే ఎందుకు నిశ్శబ్దం?

ఇప్పుడు కొంచెం ఇంజనీరింగ్. మీరు తెలియని నంబర్ ఎత్తి "హలో" అంటారు. రెండు సెకన్లు ఏం వినపడదు. మళ్లీ "హలో" అంటారు. అప్పుడు టక్ మని ఒక చిన్న శబ్దం, వెనకాల గోలగోలగా గొంతులు, "గుడ్ మార్నింగ్ సార్". ఆ రెండు సెకన్ల గ్యాప్ ఎందుకు?

దాని వెనక ఉండే సాఫ్ట్‌వేర్‌ని ప్రిడిక్టివ్ డయలర్ అంటారు. 1980లలో వచ్చింది. వెనకున్న లెక్క ఇంకా పాతది. ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితవేత్త కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, 1909లో ఫోన్ కాల్స్ రద్దీ మీద పేపర్ రాశాడు. ఎన్ని కాల్స్ వస్తాయి, ఎన్ని లైన్లు కావాలి అనే లెక్క. బీటెక్‌లో క్యూయింగ్ థియరీ చదివినవాళ్లకి ఈయన పేరు గుర్తుండే ఉంటుంది. ఆయన లెక్క కాల్ చేసినవాడు ఎక్కువసేపు ఆగకుండా ఉండాలని. డయలర్ అదే లెక్కని తిరగేసింది: అమ్మేవాడు ఖాళీగా ఉండకూడదు.

ఎలా పనిచేస్తుందంటే, పది మంది ఏజెంట్లు ఉన్నారనుకోండి. పది నంబర్లకి డయల్ చేస్తే అందులో ముగ్గురో నలుగురో ఎత్తుతారు. మిగతా ఏజెంట్లు ఖాళీ. కాబట్టి మెషీన్ ముందే పాతికో ముప్పయ్యో నంబర్లకి కొట్టేస్తుంది. సగటున ఎంతమంది ఎత్తుతారు, ఒక్కో కాల్ ఎంతసేపు సాగుతుంది, ఏ ఏజెంట్ ఎప్పుడు ఫ్రీ అవుతాడు, ఇవన్నీ అంచనా వేసుకుంటూ ఉంటుంది. ఎవరు ఎత్తితే వాళ్లని ఫ్రీగా ఉన్న ఏజెంట్‌కి కలిపేస్తుంది. ఆ కలిపే టైమే మీకు వినిపించే నిశ్శబ్దం. లెక్క తప్పి ఎక్కువమంది ఎత్తేశారంటే? ఫ్రీ ఏజెంట్ లేడు, మీ కాల్ కట్ అయిపోతుంది. అందుకే అమెరికాలో దీని మీద రూల్ పెట్టాల్సి వచ్చింది: మనిషి ఎత్తిన కాల్స్‌లో ఇలా వదిలేసేవి 3 శాతం దాటకూడదు, ఎత్తి హలో అన్న 2 సెకన్లలోపు ఏజెంట్ లైన్లోకి రావాలి అని.

మనకి అది రెండు సెకన్ల చిరాకు. అవతలివాళ్లకి? ఫోన్ పెట్టేసిన వెంటనే చెవిలో బీప్ మని ఇంకో మనిషి. నంబర్ తను నొక్కడు, ఎప్పుడు నొక్కాలో తను నిర్ణయించుకోడు. ఇప్పుడు ప్యాటర్సన్ దగ్గరికి తిరిగి రండి. ఆయన సేల్స్‌మన్‌కి మాటలు రాసిచ్చారు, కానీ ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకి నడిచే దారి అయినా అతనిదే. గాలి పీల్చుకునేవాడు, టీ తాగేవాడు, తిట్టినవాడిని మనసులో నాలుగు తిట్టుకునేవాడు. డయలర్ ఆ నడిచే దారిని తీసేసింది. అంతకుముందు లెక్క రోజుకి ఒకసారి ఉండేది, ఇప్పుడు సెకన్లలో ఉంది. డాష్‌బోర్డులో ఎర్రగా వెలిగే "ఐడిల్ టైమ్" అంటే అదే.

నవ్వుతూ మాట్లాడటం కూడా పనేనా?

1983లో ఆర్లీ హోక్‌షీల్డ్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ "ది మేనేజ్డ్ హార్ట్" అని ఒక పుస్తకం రాశారు. విమానాల్లో ఎయిర్ హోస్టెస్‌లనీ, బాకీలు వసూలు చేసే ఉద్యోగులనీ గమనించారు ఆవిడ. ఒకళ్లు కోపం వచ్చినా నవ్వాలి, ఇంకొకళ్లు జాలి వచ్చినా గదమాయించాలి. అంటే కండబలం, బుద్ధిబలం లాగే మనసుని కూడా జీతానికి అమ్ముతున్నారు. దీనికి ఆవిడ "ఎమోషనల్ లేబర్" అని పేరు పెట్టారు.

కోల్డ్ కాలింగ్‌లో ఈ రెండూ కలిసి ఉంటాయి. ఒక లెక్క వేద్దాం, ఊరికే ఉదాహరణకి. రోజుకి 200 కాల్స్ చేశారనుకోండి. 60 మంది ఎత్తారు, 10 మంది విన్నారు, ఒకరు కొన్నారు. టీఎల్ కాగితం మీద ఇది మంచి రోజు. ఆ మనిషి చెవుల్లో మాత్రం 59 సార్లు "వద్దు" మోగింది. అందులో కొన్ని "వద్దు"లు మర్యాదగా ఉండవు. అమ్మాయిలైతే వాటికి తోడు ఇంకో రకం మాటలు కూడా వినాలి. అరవయ్యో కాల్‌కి మళ్లీ మొదటి కాల్ అంత హుషారుగా "గుడ్ ఈవెనింగ్ మేడమ్" అనాలి. పని అయిపోయి ఇంటికెళ్లాక అమ్మ ఫోన్ చేస్తే మాట్లాడబుద్ధి కాదు. బద్ధకం కాదది. ఆ రోజుకి గొంతు, ఓపిక రెండూ ఖర్చయిపోయాయి.

సినిమాలో చూపించనివాళ్లు

మీలో చాలామంది "ది వుల్ఫ్ ఆఫ్ వాల్ స్ట్రీట్" చూసి ఉంటారు. 2013 సినిమా. రీల్స్‌లో ఇప్పటికీ మోటివేషన్ మ్యూజిక్ వేసి తిప్పుతుంటారు. అసలు కథ ఏంటి? జోర్డాన్ బెల్ఫోర్ట్ 1989లో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో స్ట్రాటన్ ఓక్‌మాంట్ నడపడం మొదలుపెట్టాడు. పెద్ద అనుభవం లేని కుర్రాళ్లని తీసుకుని, స్క్రిప్ట్ చేతిలో పెట్టి, ఫోన్ల ముందు కూర్చోబెట్టాడు. ముందు అందరికీ తెలిసిన పెద్ద కంపెనీ షేరు అమ్మి నమ్మకం సంపాదించడం, తర్వాత తమ చేతిలో ఉన్న చెత్త షేరు అంటగట్టడం. ధర పెరిగాక తమవి అమ్మేసుకోవడం. కొన్నవాళ్లు అమ్మాలంటే మాత్రం సవాలక్ష సాకులు.

1996 డిసెంబర్‌లో నియంత్రణ సంస్థ ఆ కంపెనీని బయటికి గెంటేసింది. బెల్ఫోర్ట్ 1999లో నేరం ఒప్పుకున్నాడు. 22 నెలలు జైల్లో ఉన్నాడు. మోసపోయినవాళ్లకి 11 కోట్ల డాలర్లు తిరిగి కట్టమని కోర్టు చెప్పింది. సినిమాలో పార్టీలు మూడు గంటలు చూశాం. ఫోన్ అవతల డబ్బు పోగొట్టుకున్నవాళ్ల ముఖాలు దాదాపు కనిపించవు. చిత్రం ఏంటంటే, ఆ గదిలో ఫోన్లు చేసిన కుర్రాళ్లకి కూడా అవతలి ముఖాలు కనిపించలేదు. ఫోన్ పద్ధతిలో ఉన్న అసలు ప్రమాదం ఇదే. డేటన్ సేల్స్‌మన్ కొట్టువాడి కళ్లలోకి చూసి అబద్ధం చెప్పాలి. ఫోన్లో కళ్లు ఉండవు.

మన దగ్గరికి ఎలా వచ్చింది

అమెరికాలో జనానికి విసుగు పుట్టి, 2003 జూన్‌లో అక్కడి ప్రభుత్వం "నాకు ఫోన్ చేయొద్దు" రిజిస్టర్ తెరిచింది. మొదటి నాలుగు రోజుల్లోనే కోటి దాకా నంబర్లు నమోదయ్యాయి. సేల్స్ కంపెనీలు కోర్టుకెళ్లాయి, చివరికి రిజిస్టరే గెలిచింది.

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. 1997లో జీఈ క్యాపిటల్ గుర్‌గావ్ కేంద్రంగా విదేశాల పని ఇక్కడి నుంచి చేయించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత బీపీఓలు గుర్‌గావ్, ముంబై, బెంగళూరు, హైదరాబాద్ అంతా పాకాయి. రాత్రి షిఫ్టు, క్యాబ్, యాస ట్రైనింగ్, రాత్రికి ఇంకో పేరు. మన అన్నలు, అక్కల తరంలో ఇది మొదటి జీతం. ఎంతోమంది ఇళ్లలో అప్పులు తీరింది ఆ జీతంతోనే, ఆ మాట కూడా చెప్పాలి.

లోకల్ కాల్స్ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న. అప్పట్లో ఇన్‌కమింగ్‌కి కూడా డబ్బులు! అంటే ఎవడో కార్డు అమ్మడానికి ఫోన్ చేస్తే, బిల్లు మనకి. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. కాల్ రేట్లు పడిపోతూ వచ్చాయి. ప్రైవేట్ బ్యాంకులు, 2000 తర్వాత వచ్చిన ప్రైవేట్ ఇన్సూరెన్స్ కంపెనీలు ఫోన్ల మీద పడ్డాయి. 2005లో విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో ట్రాయ్ మన "డు నాట్ కాల్" రిజిస్టర్ తెచ్చింది. 2011 సెప్టెంబర్ నుంచి కొత్త రూల్స్: 1909కి మెసేజ్ పెడితే డీఎన్‌డీ, టెలిమార్కెటింగ్ కంపెనీలకి 140 సిరీస్.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. వాయిస్ కాల్స్ ఫ్రీ. 1961 వాట్స్ కథే మళ్లీ, ఈసారి దేశం మొత్తానికి. ఒక సిమ్, ఒక ఎక్సెల్ షీట్ ఉంటే చాలు, ఎవరైనా కాల్ సెంటర్ పెట్టొచ్చు. పర్సనల్ నంబర్ల నుంచే కాల్స్ మొదలయ్యాయి, 140 సిరీస్ పక్కకి పోయింది. 2018లో ట్రాయ్ బ్లాక్‌చెయిన్ పద్ధతితో మెసేజ్‌లని కట్టడి చేసింది. 2024 ఆగస్టులో, రిజిస్టర్ కాకుండా ఇలా కాల్స్ చేసేవాళ్ల లైన్లన్నీ కట్ చేసి రెండేళ్ల వరకు బ్లాక్‌లిస్ట్‌లో పెట్టమని కంపెనీలకి ఆదేశం ఇచ్చింది. బ్యాంకులు, ఇన్సూరెన్స్ వాళ్ల సర్వీస్ కాల్స్‌కి ఇప్పుడు 1600 సిరీస్ వస్తోంది.

ఇదే సమయంలో ఇంకో రెండు సంఘటనలు. 2016 అక్టోబర్‌లో ముంబై పక్కన మీరా రోడ్‌లో పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడి చేశారు. అమెరికా ట్యాక్స్ ఆఫీసర్లమని అబద్ధం చెప్పి అక్కడి జనాన్ని బెదిరించి డబ్బు గుంజే సెంటర్లు అవి. ఒక్క రాత్రిలో వందల మందిని అదుపులోకి తీసుకున్నారు. వాళ్లలో చాలామంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు. అక్కడా స్క్రిప్టే, అక్కడా టార్గెట్టే, అక్కడా ఇన్సెంటివే. రెండోది, 2022 డిసెంబర్‌లో జాతీయ బాలల హక్కుల కమిషన్ బైజూస్ అధిపతికి సమన్లు పంపింది. కోర్సులు అమ్మే పద్ధతి మీద, తల్లిదండ్రుల చేత లోన్లు తీయించడం మీద వచ్చిన ఆరోపణలు దానికి కారణం. ఆ తర్వాత ఇళ్లకి వెళ్లి అమ్మే పద్ధతి మార్చుకున్నామని కంపెనీ చెప్పింది.

ఈ రెండూ ఒకటే అని నేను అనట్లేదు. ఒకటి పచ్చి నేరం, రెండోది లైసెన్సున్న వ్యాపారం మీద వచ్చిన ఫిర్యాదు. నేను చూపిస్తున్నది ఒక్కటే: గదిలో ఉండే సామాను మాత్రం రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. లిస్టు, స్క్రిప్ట్, డయలర్, బోర్డు మీద నంబర్లు. ఆ సామానుకి మంచీ చెడూ తెలీదు. ఆపాల్సింది మనుషులే. కానీ నెలాఖరు వచ్చి, టార్గెట్‌కి రెండు సేల్స్ తక్కువై, రూమ్ రెంట్ కట్టాల్సి ఉన్న 23 ఏళ్ల కుర్రాడి మీదే ఆ బాధ్యత మొత్తం పెడితే ఎలా? "అందరి ముందు తిట్టించుకోవడమా, అవతలి పెద్దాయనకి ఈఎంఐ గురించి సగమే చెప్పడమా?" అనే పరిస్థితిలోకి వాడిని నెట్టింది ఎవరు? పైన ఆ బోర్డు తయారుచేసినవాళ్లకి ఆ కాల్ ఎప్పుడూ వినపడదు. రికార్డింగ్ బయటికొస్తే మాత్రం అందులో ఉండేది వాడి గొంతే.

చేరేముందు అడగండి

ఈ వీడియో చూస్తున్నవాళ్లలో ఇలాంటి ఆఫర్ చేతిలో పట్టుకున్నవాళ్లు ఉంటారు. చేరొద్దని చెప్పను. సేల్స్ గొప్ప విద్య. తెలియని మనిషితో మాట్లాడటం, "వద్దు" విని కూలిపోకుండా ఉండటం జీవితాంతం పనికొస్తాయి. కానీ ఇంటర్వ్యూలో నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి, జీతంలో ఫిక్స్‌డ్ ఎంత, టార్గెట్ కొట్టకపోతే అందులో కోత ఉంటుందా? ఆఫర్ లెటర్‌లో రాసివ్వమనండి. రెండు, కాల్స్ కంపెనీ రిజిస్టర్డ్ నంబర్ నుంచా, నా సొంత సిమ్ నుంచా? సొంత సిమ్ అంటే, రేపు ఫిర్యాదు వస్తే కట్ అయ్యేది మీ నంబర్. మీ బ్యాంకు ఓటీపీ వచ్చే నంబర్ అది. మూడు, నంబర్ల లిస్టు ఎక్కడి నుంచి వస్తోంది? వాళ్లు నసిగితే మీకు అర్థమైపోవాలి. నాలుగు, కస్టమర్ క్యాన్సిల్ చేస్తే రిఫండ్ ఎన్ని రోజుల్లో? ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పలేని కంపెనీలో, ఆ జవాబు రేపు కస్టమర్‌కి మీరే దాచాల్సి వస్తుంది. ఇంకోటి, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టకండి.

ఇక కాల్ ఎత్తేవాళ్లకి. మొహమాటంతో "తర్వాత చేయండి" అనకండి. అలా అంటే ఆ లీడ్ బతికే ఉంటుంది, రేపు ఆ మనిషి మళ్లీ చేయాల్సిందే, మీరు మళ్లీ విసుక్కోవాల్సిందే. "వద్దు బాబూ, మళ్లీ చేయకండి" అని ఒక్క ముక్క మర్యాదగా చెప్పి పెట్టేయండి. పదే పదే వస్తుంటే ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లోనో 1909కో ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు కంపెనీ మీద. తిట్లు మాత్రం ఆ మనిషికి తగుల్తాయి, కంపెనీకి తగలవు.

రిట్టీ బార్‌లో పెట్టిన మెషీన్ గల్లాపెట్టెలో డబ్బు ఒక్కటే లెక్కపెట్టింది. దాని మనవలు మన మాటల్ని, మౌనాన్ని, టీ బ్రేక్‌ని కూడా లెక్కపెడుతున్నాయి. రేపు ఈ కాల్స్ ఏఐ చేస్తుందంటున్నారు, కొన్ని ఇప్పటికే చేస్తోంది. అలసిపోని గొంతుకి కాల్ ఖర్చు ఎంతవుతుందో, అప్పుడు మన ఫోన్లు ఎన్నిసార్లు మోగుతాయో, ఆ హెడ్‌సెట్ ఉద్యోగం నమ్ముకున్న మన వాళ్ల గతేంటో, ఇంకో ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.

మీరు ఈ జాబ్ చేసి ఉంటే, మీ రోజువారీ టార్గెట్ ఎంత ఉండేదో కామెంట్‌లో రాయండి. కంపెనీ పేరు వద్దు, నంబర్ చాలు.